పక్కింటి తోడు

కొత్తగా అపార్టుమెంటులో దిగిన ఇల్లాలు వాచ్‌మన్‌ని అడిగే మొదటి ప్రశ్న "నీళ్ళు ఎన్నింటికి వస్తాయి?" అని. ఆ ఇంటి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "నెట్టు ఎప్పుడొస్తుంది?" అని. వెనకటికి పాలు పొంగించాక ఇరుగుపొరుగుల్ని పిలిచి ప్రసాదం పెట్టేవాళ్ళం. ఇప్పుడు పాలు పొంగేసరికే నెట్టు బిగించే కుర్రాడు నిచ్చెన పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. పాలగిన్నె దింపి అతనికి దారివ్వాలి. ఇవ్వక చేసేదేముంది లెండి. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, టీవీలో సీరియలు, అమెరికాలో ఉన్న మనవరాలి బోసినవ్వు, అన్నీ ఆ ఒక్క తీగలోంచే రావాలి మరి.

అయితే ఆ తీగతోపాటు ఒక ధర్మసందేహం కూడా ఇంట్లోకి వస్తుంది. అది చెప్పుకునే ముందు తీగ సంగతి కాస్త తెలుసుకుంటే మంచిది.

ఇప్పుడొచ్చేది రాగితీగ కాదు, గాజుతీగ. తలవెంట్రుక కన్నా ఓ పిసరు లావు, అంతే. పైన తొడుగులు వేసి నల్లటి తాడులా చేస్తారు గాని లోపలున్నది నికార్సయిన గాజు. "దీన్ని మడత బెట్టబాకండమ్మా, బీరువా కింద నలగనీబాకండి, యిరిగిపోద్ది" అని మా నెల్లూరు కుర్రాడు పదిసార్లు హెచ్చరించి మరీ వెళతాడు. ఆ గాజులో ప్రయాణం చేసేది వెలుతురు. బయటికి పోకుండా లోలోపలే అద్దంలో పడ్డట్టు ప్రతిఫలిస్తూ ముందుకు సాగిపోతుంది, సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. నెల్లూరు నించి చెన్నపట్నానికి రైల్లో మనకి రెండు మూడు గంటలు పడితే, దానికి సెకనులో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు.

గాజుపోగుల కట్టలో వెలుతురుని వంపులు తిప్పి నడిపించవచ్చని 1954లో లోకానికి చూపించినవాళ్ళలో మన పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకడు. 'ఫైబర్ ఆప్టిక్స్' అన్న పేరుని లోకానికి పరిచయం చేసిందీ ఆయనే. చైనాలో పుట్టిన చార్లెస్ కావ్ 1966లో, గాజులోని మలినాలు తీసేస్తే ఈ వెలుతురు ఎన్నో మైళ్ళు పోగలదని లెక్కకట్టి చెప్పాడు. 2009లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గూడూరుకి తూర్పున చిల్లకూరు, కోట దాటి సముద్రం వైపు వెళితే పంచదార పోసినట్టు తెల్లటి ఇసుక కనిపిస్తుంది చూశారూ, అది సిలికా. గాజుకి మూలపదార్థం అదే. మనం చెప్పుల్లోంచి దులిపి పారేసిన ఇసుకకి దగ్గరి బంధువే ఇవాళ మనింటికి సినిమాలు మోసుకొస్తోందన్నమాట.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ప్రతి ఇంటికీ ఆఫీసు నించి విడిగా ఒక తీగ రాదు. ఇళ్ళకి ఎక్కువగా వాడే పద్ధతిలో ఒకే తీగ వీధి దాకా, లేకపోతే అపార్టుమెంటు మెట్లకింది దాకా వస్తుంది. అక్కడ గోడకి బిగించిన చిన్న పెట్టెలో ఆ ఒక్క వెలుతురూ చీలుతుంది. సాధారణంగా ముప్ఫై రెండు పాయలు, ముప్ఫై రెండిళ్ళకి. ఆ చీల్చే పరికరానికి కరెంటు కూడా అక్కర్లేదు. చిత్రమేమిటంటే, ఆఫీసు నించి వచ్చే వెలుతురు ఎవరిది వాళ్ళకి విడివిడిగా రాదు. అందరి సమాచారమూ అందరి గుమ్మాలకీ వస్తుంది. మన ఇంట్లో పెట్టె మన పేరున్నదాన్ని మాత్రం విప్పుకుని తక్కినవి వదిలేస్తుంది. పక్కవాళ్ళవి తాళం వేసి ఉంటాయి గనక విప్పుదామన్నా రావు. ఇటునించి పంపేటప్పుడు మాత్రం అందరూ వరస పాటించాలి, మునిసిపాలిటీ కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టినట్టు. ఒకరు పంపుతుంటే ఇంకొకరు ఆగాలి. అదంతా రెప్పపాటులో వెయ్యోవంతు వ్యవహారం కాబట్టి మనకి తెలీదు గాని, ఎదురింటాయన తన ఆఫీసు కాగితాలు పంపుతున్న క్షణంలో మన వీడియోకాలు తన వంతు కోసం కాచుకుని ఉంటుంది.

అంటే చూడండి, మెట్లకింది దాకా మనందరిదీ ఒకటే వెలుగు. గుమ్మం దాటాక మాత్రం నీది నీది, నాది నాది. అక్కడ కాపలా ఉండే దాని పేరే పాస్‌వర్డు.

ఇప్పుడు ధర్మసందేహానికి వద్దాం. రాత్రి ఎనిమిదింటికి బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే పక్కింటావిడ. "వదినగారూ, మా నెట్టు సాయంత్రం నించీ రావడం లేదండీ. మావాడికి తెల్లారితే పరీక్ష. ఈ పూటకి మీ పాస్‌వర్డు చెబుతారా?"

ఇదే ఆవిడ చేతిలో గిన్నెతో వచ్చి, "వదినగారూ, పిల్లి పెరుగు పారబోసింది. కాస్త తోడు పెట్టిస్తారా" అంటే మనం ఒక్క క్షణం ఆలోచించం. లోపలికెళ్ళి గరిటెడు పెరుగు వేసి తీసుకొస్తాం. పైగా "చల్లారాక వెయ్యండి, మా తోడు కాస్త పులుపు" అని సలహా కూడా ఇస్తాం. పాస్‌వర్డు అనగానే మాత్రం మనసు ఒక్కడుగు వెనక్కి వేస్తుంది. "అయ్యో, మావారు పెట్టారండీ, నాకు తెలీదు" అనే మాట నాలిక చివరికి దానంతటదే వచ్చేస్తుంది. ఎందుకని? పెరుగిస్తే మన గిన్నెలో గరిటెడు తగ్గుతుంది. నెట్టిస్తే ఆ కాసేపటికి తగ్గేది దాదాపు ఏమీ లేదు. తగ్గేదాన్ని ఇట్టే ఇస్తూ, తగ్గనిదాన్ని ఇవ్వడానికి సంకోచిస్తున్నామంటే అందులో ఏదో ఉండి ఉండాలి.

వెనకటి రోజులే నయం, అందరూ కలిసి టీవీ చూసేవాళ్ళు అని చప్పున అనేస్తాం. నిజమే, చూసేవాళ్ళు. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక సూళ్ళూరుపేట వైపు డాబాల మీద పొడుగాటి గొట్టాలకి ఏంటెనాలు కట్టి తమిళ కార్యక్రమాలు పట్టేవాళ్ళు. శ్రీహరికోటలో ఇంజనీర్లు రాకెట్టుని ఆకాశంలోకి పంపడానికి కుస్తీ పడుతుంటే, ఊళ్ళో మగపిల్లలు డాబా ఎక్కి ఏంటెనా తిప్పుతూ "వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని అరిచేవాళ్ళు. 1987 జనవరిలో రామాయణం సీరియలు మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి టీవీ ఉన్న ఇల్లు పందిరిల్లే. వీధి వీధంతా ఆ ఇంట్లోనే. సీతారాముల బొమ్మ రాగానే దణ్ణం పెట్టి కూర్చున్న ముసలమ్మలు ఎంతమంది!

కాని ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ పందిరిలో కుర్చీలెవరికి, చాపలెవరికి, నేలెవరికి అన్న లెక్క ఒకటుండేది. కొందరు పిల్లలు లోపల కూర్చుంటే కొందరు కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్ళు. ఎందుకు కిటికీ అవతలున్నారో వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. ఆ ఇంటి పిల్లాడికి కోపం వస్తే "మా టీవీ, పొండి" అని కట్టేసేవాడు. ఇంటావిడకి చుట్టాలొస్తే తలుపు మూసేవారు. వీధి తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుని తలొంచుకుని పోయిన పిల్లలు, "మనమూ ఒకటి కొంటే బావుణ్ణమ్మా" అని ఇంటికెళ్ళి అడిగి ఉంటారు. ఆ తల్లి ఏ మొగుడితో పోట్లాడిందో, ఏ చీటీ పాడిందో, నెలనెలా వాయిదా కట్టే టీవీ ఒకటి తెచ్చిందంటే, తన పిల్లలు కిటికీ దగ్గర నిలబడకూడదనే గదా. ఎవరింటికి వారు తీగ తెచ్చుకోవడం స్వార్థం అనేవాళ్ళు ఆ తల్లినోసారి తలుచుకోవాలి.

అదృష్టవశాత్తూ తీగ చవకవుతూ వచ్చింది. తొంభైల్లో వీధికో కేబులు కుర్రాడు తయారయ్యాడు. చెట్టుకీ గోడకీ తీగలు కట్టుకుంటూ పోయి ఇంటింటికీ బొమ్మ ఇచ్చాడు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ ఒకే తీగలో ఇస్తామన్నారు అప్పట్లో. భూమి తవ్వి తీగలు పాతాలంటే తడిసి మోపెడవుతుందని కరెంటు స్తంభాల మీదినించే వేల కిలోమీటర్లు లాగారు. ఇళ్ళకి కనెక్షన్లిచ్చే పని ఎక్కువగా ఆ పాత కేబులు ఆపరేటర్లకే అప్పగించారు. నిన్న రాగితీగ లాగిన చెయ్యే ఇవాళ గాజుతీగ అతుకుతోంది. తరవాత ప్రైవేటు కంపెనీలూ పోటీకొచ్చాయి. ఇప్పుడు ఒక్కో అపార్టుమెంటు మెట్లకింద నాలుగైదు కంపెనీల పెట్టెలు, అటకమీద అత్తగారి సామాన్లలా, ఒకదాని మీదొకటి ఉంటున్నాయి.

మంచిదే. ఎవరికి కావలసింది వాళ్ళకుంది. ఎవరూ ఎవరి కిటికీ దగ్గరా నిలబడక్కర్లేదు. కాని అవసరం తీరిపోయిన చోట రాకపోకలు కూడా తీరిపోతాయే, దానికేం చేద్దాం? పప్పులూ ఉప్పులూ ఫోను నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చే రోజుల్లో, పక్కింటి బెల్లు నొక్కడానికి మనకున్న సాకులన్నీ ఒక్కొక్కటే పోతున్నాయి. అడగడమంటే చిన్నతనం అనుకుంటాం గాని, పక్కింట్లో గ్లాసుడు పంచదార అడిగిన ఇల్లాలు ఇంకో మాట కూడా చెబుతోందన్నమాట: "రేపు మీరు నన్నడగొచ్చు" అని. ఆ చిన్న బాకీ ఎప్పటికీ పూర్తిగా తీరకుండా ఉండడంలోనే ఇరుగుపొరుగుతనం ఉంది. అందుకే పెద్దవాళ్ళు గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదనేవారు. చేపల పులుసు వచ్చిన గిన్నెలో మామిడికాయ పప్పు వెళ్ళేది, ఆ గిన్నె మళ్ళీ అరిసెలతో వచ్చేది. ఎవరి గిన్నె ఎవరిదో కొన్నాళ్ళకి ఎవరికీ తెలిసేది కాదు, అడుగున కొట్టించిన పేరు చూసుకుంటే తప్ప.

సరే, అంత మాత్రాన పాస్‌వర్డు అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పెయ్యాలా? అలా అనడానికీ లేదు. ఎందుకో చెబుతాను. 2008 జూలైలో అహ్మదాబాదులో బాంబులు పేలినప్పుడు, పేలడానికి కాసేపటి ముందు బెదిరింపు ఈ-మెయిలు ఒకటి పత్రికలవాళ్ళకి వెళ్ళింది. అది ఎక్కణ్ణించి వచ్చిందని వెతుక్కుంటూ పోలీసులు పోతే, నవీ ముంబైలో ఒక అపార్టుమెంటులో ఉంటున్న అమెరికా ఆయన ఇల్లు తేలింది. ఆయనకేమీ తెలీదు. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. ఆ తరవాత, వైఫై పెట్టుకున్నవాళ్ళు దాన్ని భద్రంగా ఉంచుకోవాలని 2009లో టెలికాం శాఖ ఆదేశాలు కూడా ఇచ్చింది. పెరుగు తీసుకెళ్ళినావిడ దాంతో ఏం చేసినా మనల్ని ఎవరూ అడగరు. నెట్టు అలా కాదు. దాని మీద జరిగిన ప్రతి పనికీ ముందుగా కనిపించేది మన చిరునామాయే. మన మనసు వేసిన ఆ వెనకడుగులో స్వార్థం కొంత ఉంటే ఉండొచ్చు గాని, ఇంటి తాళంచెవి ఇవ్వడానికి ఆలోచించే ఇల్లాలి వివేకం కూడా కొంత ఉంది.

ఇంకో రకం వాళ్ళూ ఉంటారు. నెలకి పదివేలు హోటళ్ళలో ఖర్చు పెడతారు, నెట్టు మాత్రం పెట్టించుకోరు. "మీకెలాగూ అన్‌లిమిటెడే గదండీ" అంటారు. మొదటిసారి పరీక్ష, రెండోసారి క్రికెట్టు, మూడోసారి అడగడం కూడా ఉండదు. తోడు తీసుకుపోయినవాళ్ళు మర్నాటికి తమ గిన్నెలో తాము పెరుగు చేసుకోవాలి. రోజూ మన తోడుతోనే వాళ్ళ సంసారం గడుస్తోందంటే అది తోడు కాదు, వాడుక. లేనివాళ్ళకీ, ఉండి ఖర్చు పెట్టనివాళ్ళకీ ఉన్న తేడా మనకి తెలియంది కాదు. మొహమాటం కొద్దీ తెలీనట్టుంటాం. అలాంటివాళ్ళకి "మీరూ ఒకటి పెట్టించుకోండి, కుర్రాడి నంబరిస్తాను" అని నవ్వుతూ చెప్పడంలో అధర్మమేమీ లేదు.

మరి లేనివాళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్నకి జవాబు మన అపార్టుమెంటులోనే, అందరికన్నా కింద ఉంది. కార్లు పెట్టుకునే చోట మూలగా ఒక గది కట్టి వాచ్‌మన్‌కి ఇస్తాం. మొగుడు గేటు చూస్తాడు, పెళ్ళాం నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది, పిల్ల బడికి పోతుంది. ముప్ఫై రెండిళ్ళకీ వెలుగు చీల్చే ఆ పెట్టె తరచుగా వాళ్ళ గది గోడకే ఉంటుంది. దానికి ఏ లోపమొచ్చినా బిగించే కుర్రాడికి తలుపు తీసేది, నిచ్చెన పట్టుకునేది ఆ మనిషే. వెలుగు మాత్రం వాళ్ళ గది పక్కనించే పైకి ఎక్కిపోతుంది.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. ఆ ఏడాది మన రాష్ట్రంలో దూరదర్శన్ సప్తగిరి చానల్లో పిల్లలకి పాఠాలు మొదలుపెట్టారు. ప్రైవేటు బళ్ళ పిల్లలకి ఫోన్లలో, కంప్యూటర్లలో పాఠాలు. అప్పటిదాకా నెట్టంటే సినిమాలూ కబుర్లూ అనుకునేవాళ్ళకి, అది లేని పిల్ల చదువే ఆగిపోతుందని తెలిసొచ్చింది. ఒకే మెట్లదారిలో పైఅంతస్తు పిల్లాడు ఏసీ గదిలో కూర్చుని లెక్కలు నేర్చుకుంటుంటే, కింద పిల్ల నాన్న ఫోను ఇంటికొచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. కేరళలో ఒక కాలేజీ హాస్టలు అమ్మాయిల్ని సాయంత్రాలు ఫోన్లు వాడనివ్వకపోతే ఒకమ్మాయి కోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్టు అందుబాటులో ఉండడం చదువుకునే హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ రాష్ట్రమే 2023 జూన్‌లో సొంత ఫైబరు సంస్థ ప్రారంభించి, ఇరవై లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా ఇవ్వాలని పెట్టుకుంది. న్యాయమూర్తులూ ప్రభుత్వాలూ తమ భాషలో చెప్పే మాటనే మన అమ్మమ్మలు ఇంకోలా చెప్పారు: దాహమని వచ్చినవాళ్ళకి నీళ్ళు లేవనకూడదు అని. సినిమాకి నెట్టు నగలాంటిది, అరువివ్వకపోయినా తప్పులేదు. చదువుకి నెట్టు నీళ్ళలాంటిది. అడిగింది దేనికన్నదాన్ని బట్టి మన ధర్మం మారుతుంది.

ఇక్కడ మన నెల్లూరు సంగతి ఒకటి చెప్పాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. హిందువులూ ముస్లిములూ అందరూ వస్తారు. ఆడవాళ్ళే ఎక్కువ. చెరువు నీళ్ళలో దిగి ఒకరికొకరు రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్ళు "విద్య రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని నోరు తెరిచి అడుగుతారు. అడిగేది లక్షాధికారి కావచ్చు, ఇచ్చేది కూలిమనిషి కావచ్చు. ఆ నీళ్ళలో అడగడం ఎవరికీ చిన్నతనం కాదు. ఇచ్చేవాళ్ళకి గర్వం ఉండటానికీ లేదు, ఎందుకంటే వాళ్ళూ ఒకప్పుడు అదే చెరువులో ఇంకొకరి దగ్గర అడిగి తీసుకున్నవాళ్ళే. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రొట్టె మరొకరికివ్వాలి. తీసుకున్నది ఇచ్చినవాళ్ళకే తిరిగివ్వాలని లేదు. ముక్కూ మొహం తెలియని తరవాతి మనిషికి ఇస్తే చాలు.

కిటికీ చువ్వలు పట్టుకుని టీవీ చూసిన పిల్లలకీ, చెరువులో రొట్టె అందుకున్న మనిషికీ ఉన్న తేడా ఇదే. ఇద్దరికీ దొరికింది ఇంకొకరిదే. ఒకచోట తీసుకున్నవాళ్ళు చిన్నబోయారు, ఇంకొకచోట నిటారుగా నిలబడ్డారు. ఇవ్వడం ఇద్దరిచోటా ఉంది. ఎలా ఇచ్చామన్నదాంట్లో ఉంది ధర్మమంతా. "ఇదుగో, మా పాస్‌వర్డు, ఎక్కువ వాడకండి" అని ఇచ్చే నెట్టు కిటికీ లాంటిది. వాచ్‌మన్ కూతురు మెట్లమీద ఫోను పట్టుకుని సిగ్నలు కోసం అటూ ఇటూ తిరుగుతుంటే, ఆ పిల్ల అడక్కముందే "చదువుకి కావలిస్తే మా దాంట్లో చూసుకో అమ్మాయ్, రేపు నువ్వు టీచరమ్మవైతే మా మనవరాలికి లెక్కలు చెబుదువుగాని" అంటే అది రొట్టె లాంటిది.

మరి పోలీసుల భయం, తాళంచెవి భయం? వాటికి మన పాత ఇళ్ళు ఎప్పుడో ఉపాయం చెప్పాయి. వీధిగుమ్మానికి అటూ ఇటూ అరుగులుండేవి గుర్తుందా? దారినపోయే మనిషి ఎండకి కాసేపు కూర్చునేవాడు, వానకి తలదాచుకునేవాడు. అంతమాత్రాన వంటింట్లోకి వచ్చేవాడు కాదు, మనమూ తాళంచెవుల గుత్తి అతని చేతికిచ్చేవాళ్ళం కాదు. ఇప్పటి నెట్టు పెట్టెల్లో చాలావాటికి అలాంటి అరుగు ఒకటుంది. 'గెస్ట్ నెట్‌వర్క్' అంటారు. వచ్చేపోయేవాళ్ళ కోసం విడిగా ఇంకో పేరు, ఇంకో పాస్‌వర్డు. దాంట్లో కూర్చున్నవాళ్ళకి మన ఇంట్లో కంప్యూటర్లూ ఫొటోలూ అందకుండా ఏర్పాటు చేసుకోవచ్చు. కావలసినప్పుడు తెరవచ్చు, అక్కర్లేనప్పుడు మూసెయ్యొచ్చు. బిగించే కుర్రాణ్ణి అడిగితే అయిదు నిమిషాల్లో చేసి చూపిస్తాడు. బయటికి మాత్రం అదీ మన చిరునామాయే గనక, ఆ అరుగు ఊరందరికీ కాదు, పేరు పెట్టి పిలవగలిగినవాళ్ళకే. కంపెనీతో ఒప్పందం ఏం ఒప్పుకుంటుందో ఒకసారి కనుక్కుని, కుదరకపోతే ఇంకో దారుంది. అపార్టుమెంటు సంఘం తరఫున వాచ్‌మన్ గదికి ఒక కనెక్షను పెట్టించి, నెలనెలా మెయింటెనెన్సులో కలిపేసుకుంటే ఇంటికి పదో ఇరవయ్యో పడుతుంది. లిఫ్టులో అద్దానికి పెట్టే ఖర్చు కన్నా తక్కువే. సంఘం మీటింగులో ఈ మాట ఎత్తడానికి మాత్రం ఒక్కరు కావాలి. మగవాళ్ళు పార్కింగు గురించి పోట్లాడుకుంటూ ఉంటారు గనక ఆ ఒక్కరు మనలోంచే రావాలి కాబోలు.

ఇంతా చేసి ఈ గాజుతీగ మీద మరీ భరోసా పెట్టుకోకూడదండోయ్. మనది తుఫాన్ల తీరం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాన్లు తీరం దాటాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటబోయే ముందు మన తీరం పొడుగునా నడుచుకుంటూ పోయింది. పాత రాగితీగ ఫోనుకి టెలిఫోను ఎక్స్‌చేంజి నించే కొంచెం కరెంటు వచ్చేది. ఊరంతా చీకటైనా, లైను తెగకపోతే ఆ నల్లఫోను మోగేది. గాజుతీగ కరెంటు మొయ్యలేదు, వెలుగు మాత్రమే మోస్తుంది. ఇంట్లో కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా చల్లబడితే నెట్టు పెట్టె కళ్ళు మూస్తుంది. కరెంటు స్తంభం ఒరిగితే దాని మీది తీగా ఒరుగుతుంది. అప్పుడు నాలుగైదు కంపెనీలూ ఒకేసారి నోరు మూసుకుంటాయి.

అటువంటి రాత్రి ముప్ఫై రెండిళ్ళ తలుపులూ తెరుచుకుంటాయి. ఎవరింట్లో కొవ్వొత్తులున్నాయి, ఎవరింట్లో చంటిబిడ్డకి పాలున్నాయి, కింద గదిలోకి నీళ్ళొచ్చాయేమో చూశారా, వాళ్ళని పైకి పిలిచారా అని మెట్లమీద నిలబడి ఒకరినొకరు అడుగుతారు. అప్పటికప్పుడు కొత్తగా పరిచయం చేసుకుని అడగడం కష్టం. అంతకుముందెప్పుడో ఒక గరిటెడు పెరుగో, ఒక సాయంత్రపు పాస్‌వర్డో ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళకి అది తేలిక.

పాలు పెరుగవ్వాలంటే కాచి చల్లార్చినంత మాత్రాన చాలదు, పక్క గిన్నెలోంచి ఒక చుక్క వచ్చి పడాలి. మన పెద్దవాళ్ళు ఆ చుక్కకీ, మనిషికి మనిషి ఉండటానికీ ఒకే పేరు పెట్టారు. ఏ తీగా లేని రోజుల్లోనే వాళ్ళకా సంగతి తెలిసిపోయింది.